పాత కంప్యూటరులో కొత్త గ్రాఫిక్స్ కార్డు – తెలుగు లిపి: పటేల్‌గూడ పరిసరాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాతబడిన డెస్క్‌టాప్ కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డు మార్చడాన్ని ఆటలకు, బొమ్మలకు సంబంధించిన సాంకేతిక విషయంగానే సాధారణంగా పరిగణిస్తారు. తెలుగు లిపి తెరకెక్కిన క్రమాన్ని గమనిస్తే ఈ మార్పిడికి భాషాచరిత్రలోనూ స్థానం ఉన్నట్లు తెలుస్తుంది. భారతీయ లిపులు వ్యక్తిగత కంప్యూటరులోకి మొదట అదనపు కార్డు రూపంలోనే ప్రవేశించాయి. తరువాత లిపి కార్డును విడిచి ఫాంటులోకి చేరింది. ఆ దశలో రాసిన తెలుగు పాఠాలు చాలావరకు ఆనాటి యంత్రాలకే కట్టుబడి ఉన్నాయి. సంగారెడ్డి జిల్లా పటేల్‌గూడ, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాల నేపథ్యంలో కార్డు మారిన ప్రతి దశలోనూ తెలుగు పాఠానికి ఏం జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గ్రాఫిక్స్ కార్డు, జిస్ట్, ఇస్కీ, డీటీపీ, అను ఫాంట్లు, యూనికోడ్, పటేల్‌గూడ, పటాన్‌చెరు.

ఉపోద్ఘాతం:

సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలోని పటేల్‌గూడ, 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల పునర్విభజనకు ముందు మెదక్ జిల్లాలో భాగంగా ఉండేది. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడ, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ప్రాంగణం ఈ ఊరికి చేరువలోనివే. గత రెండు దశాబ్దాలలో నగరం ఇటువైపు విస్తరించడంతో పొలాలు వెంచర్లుగా, వెంచర్లు కాలనీలుగా మారాయి. కర్మాగారాల ఉద్యోగులు, పదవీవిరమణ చేసినవారు, ఇంజనీరింగ్ విద్యార్థులు, వలస వచ్చిన కార్మికులు కలిసి నివసించే ఇటువంటి శివారు ఊళ్లలో పాత డెస్క్‌టాప్ కంప్యూటరుకు ఇంకా పని తీరలేదు. జిరాక్స్ దుకాణంలో, పెండ్లిపత్రికలు కూర్చే డీటీపీ కేంద్రంలో, ఫ్లెక్సీలు తయారుచేసే గదిలో, ఇంట్లో పిల్లల చదువుబల్ల మీద అది పనిచేస్తూనే ఉంటుంది.

అలాంటి యంత్రంలో తెర మసకబారినా, గీతలు పడినా, కొత్త సాఫ్ట్‌వేరు తెరుచుకోకపోయినా యజమాని ముందు రెండు దారులుంటాయి. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే మార్చి ఇంకొన్నేళ్లు నడిపించడం ఒకటి, సిస్టమ్ మొత్తాన్ని పాత సామాన్ల వాడికి అప్పగించి కొత్తది కొనడం మరొకటి. ఈ నిర్ణయం ధరను బట్టి, వేగాన్ని బట్టి జరిగిపోతుంది. ఆ యంత్రంలో ఏ తెలుగు ఉంది, అది ఏ సంకేతంలో ఉంది అన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టదు. తట్టవలసిన ప్రశ్న మాత్రం అదే. ఎందుకో తెలియాలంటే డిస్‌ప్లే కార్డు చరిత్రను మొదటినుంచి చూడాలి.

రెండు వేల గళ్ల తెర:

1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎం పీసీలో తెరను నడిపే బాధ్యత మదర్‌బోర్డుది కాదు. దానికి వేరుగా ఒక కార్డు కొని స్లాట్‌లో గుచ్చుకోవాలి. కార్యాలయాల కోసం ఐబీఎం ఇచ్చిన కార్డు పేరు మోనోక్రోమ్ డిస్‌ప్లే అడాప్టర్. ఆ కార్డుకు బొమ్మ గీయడం రాదు. తెరను 25 వరుసలుగా, వరుసను 80 గళ్లుగా విభజించి గడికొక అక్షరాన్ని నిలపడమే దాని పని. ఒక్కో గడికి రెండు బైట్లు కేటాయించారు. మొదటిది ఏ అక్షరమో చెబుతుంది. రెండోది ఆ అక్షరం కాంతిగా కనిపించాలా, కింద గీత ఉండాలా అన్నది చెబుతుంది. మొత్తం 2,000 గళ్లకు 4,000 బైట్లు. కార్డు మీద ఉన్న మెమరీ 4 కిలోబైట్లు. లెక్క సరిగ్గా కుదిరింది. కాని కుదిరింది ఇంగ్లీషుకు.

అక్షరాల ఆకారాలు కార్డులోని రోమ్ చిప్‌లో శాశ్వతంగా ముద్రితమై ఉండేవి. మొత్తం 256 ఆకారాలు. ఒక్కొక్కటి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు గల పెట్టెలో ఇమడాలి. రంగుల కోసం వచ్చిన మరో కార్డు, కలర్ గ్రాఫిక్స్ అడాప్టర్‌లో ఆ పెట్టె ఇంకా చిన్నది: 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు.

తెలుగులో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని ఈ పెట్టెలో ఊహించుకుంటే చిక్కు అర్థమవుతుంది. సకారానికి గుడిదీర్ఘం పైకి లేస్తుంది, తకార వత్తు కిందికి దిగుతుంది, రకార వత్తు పక్కకు చుట్టుకుంటుంది. ‘రాష్ట్రం’ లోని ‘ష్ట్ర’ పరిస్థితీ అంతే. ఇంగ్లీషు అక్షరాలు వరుసలో నిలబడితే చాలు. తెలుగు అక్షరానికి మూడంతస్తులు కావాలి. సీసపు అక్షరాల కాలంలో అచ్చుకూటాలవారు ఈ చిక్కును కేసులో గళ్లు పెంచుకొని దాటారు. గుణింతానికొక దిమ్మె, వత్తుకొక దిమ్మె చొప్పున వందలాది రూపాలను పోతపోసి, గళ్లలో సర్దుకొని, కంపోజిటరు చేతి అలవాటు మీద పని నడిపించారు. చెక్క కేసులో గళ్లు పెంచుకోవచ్చు. రోమ్ చిప్‌లో పెంచుకోలేరు. కంప్యూటరులో తెలుగు కనబడాలంటే కార్డునే మార్చాలి, లేదా పక్కన మరో కార్డును చేర్చాలి. కార్డు నవీకరణ ఆవశ్యకతను ఆటలు ఆడేవారి కన్నా ముందు గుర్తించింది లిపి సమస్య ఉన్నవారే అనడానికి ఒక ప్రసిద్ధమైన సాక్ష్యం ఉంది.

ఒక సిద్ధాంత గ్రంథం కోసం పుట్టిన కార్డు:

1982లో వచ్చిన హెర్క్యులస్ గ్రాఫిక్స్ కార్డును రూపొందించినవాడు వాన్ సువన్నుకుల్ అనే థాయ్ పరిశోధకుడు. తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథాన్ని ఐబీఎం పీసీ మీద థాయ్ లిపిలో రాసుకోవాలన్నది అతని అవసరం. బ్రాహ్మీ కుటుంబానికే చెందిన థాయ్ లిపిలో కూడా అచ్చుల గుర్తులు హల్లుకు పైన, కింద, ముందు, వెనుక వచ్చి చేరతాయి. వాటిపైన స్వరస్థాయిని తెలిపే గుర్తులుంటాయి. ఐబీఎం కార్డులోని రెండు వేల గళ్లు అతనికీ పనికిరాలేదు. అందుకని గళ్లను పక్కనపెట్టి, తెర మీది 720 అడ్డ చుక్కలు, 348 నిలువు చుక్కలలో దేన్నైనా విడిగా వెలిగించగలిగే కార్డును తయారుచేశాడు. చుక్కకొక బిట్ చొప్పున తెర మొత్తానికి 31,320 బైట్లు అవసరం. కార్డు మీద 64 కిలోబైట్ల మెమరీ ఉంచడం వల్ల రెండు తెరలకు సరిపడా చోటు దొరికింది.

ఈ కార్డు ప్రపంచమంతా అమ్ముడుపోవడానికి కారణం థాయ్ లిపి కాదు. లోటస్ 1-2-3 లెక్కల పట్టికను, దాని గ్రాఫునూ ఒకే నలుపు-తెలుపు తెర మీద స్పష్టంగా చూపగలగడమే కారణం. అయినా దాని పుట్టుకలో ఒక భాష అవసరం ఉందన్న సంగతి తెలుగు పరిశోధకులకు ఆసక్తి కలిగించేదే. తన భాషలో సిద్ధాంత గ్రంథం రాయాలనుకున్న ఒక పరిశోధక విద్యార్థి చేసిన పని ఆ తరువాత పీసీ తెరల ప్రమాణాలలో ఒకటైంది.

జిస్ట్ కార్డు: లిపికి ఒక స్లాట్:

హైదరాబాదుకు కంప్యూటరు తయారీ కొత్త కాదు. 1967లో ఇక్కడ స్థాపితమైన ఈసీఐఎల్, ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 అనే యంత్రాన్ని 1969లో వెలువరించింది. దేశంలో వాణిజ్యస్థాయిలో తయారైన తొలి కంప్యూటర్లలో అది ఒకటి. అవి పరిశోధన కేంద్రాల లెక్కల యంత్రాలు. వాటితో తెలుగుకు పనిపడలేదు. 1984 నవంబరు నాటి కొత్త కంప్యూటరు విధానం దిగుమతులను సడలించిన తరువాత పీసీలు కార్యాలయాలకు రావడం మొదలైంది. అప్పుడే ప్రాంతీయ భాషల ప్రశ్న ముందుకు వచ్చింది. ఓటర్ల జాబితా, భూమి రికార్డు, జీతాల పట్టిక తెలుగులో కావాలంటే ఏం చేయాలి?

దానికి సమాధానం కాన్పూరు ఐఐటీలో తయారైంది. అక్కడ భారతీయ లిపుల మీద జరిగిన కృషి ఫలితంగా ‘గ్రాఫిక్స్ అండ్ ఇండియన్ స్క్రిప్ట్ టెర్మినల్’, సంక్షిప్తంగా జిస్ట్, రూపుదిద్దుకొంది. ఈ పనిలో ముఖ్యుడైన మోహన్ తాంబే, 1988లో పుణెలో సీ-డాక్ ఏర్పడినప్పుడు ఈ సాంకేతికతతో పాటు అక్కడికి చేరాడు. సీ-డాక్ దీన్ని పీసీ స్లాట్‌లో గుచ్చుకొనే కార్డుగా దేశమంతటికీ అందించింది.

జిస్ట్ కార్డు విశేషం ఏమిటంటే, అప్పటికే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేరును అది తాకదు. వర్డ్‌స్టార్, డీబేస్, లోటస్ వంటివన్నీ ఎప్పటిలాగే గళ్లలో అక్షరాల సంకేతాలను వేస్తున్నామనుకొంటాయి. ఆ సంకేతాలను కార్డు మధ్యలో అందుకొని, ఏ హల్లు కింద ఏ వత్తు రావాలో, ఏ గుణింతం ఎలా మారాలో నిర్ణయించి, కూర్చిన అక్షరాన్ని తెర మీదికి పంపుతుంది. తెలుగు లిపి వ్యాకరణం మొత్తం ఒక బోర్డు మీది చిప్పులలో ఉండేదన్నమాట. సంధి సూత్రాలు తెలిసిన కంపోజిటరు కార్డులో కూర్చున్నాడనడం అతిశయోక్తి కాదు.

దానికి ఆధారమైన సంకేత వ్యవస్థ ఇస్కీ. 1988లో ఒక రూపం, 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించిన ‘ఐఎస్ 13194’ రూపం వచ్చాయి. ఎనిమిది బిట్ల సంకేతంలో కింది సగాన్ని ఇంగ్లీషుకు వదిలి, పై సగంలో భారతీయ భాషల ధ్వనులను అమర్చారు. ‘క’ అన్నది తెలుగులోనైనా, దేవనాగరిలోనైనా, కన్నడంలోనైనా ఒకే సంఖ్య. అందువల్ల తెలుగులో రాసిన పేర్ల జాబితాను మీట నొక్కి దేవనాగరి లిపిలో చూడగలిగేవారు. అక్షరం ఆకారం కాదు, ధ్వని అన్న వర్ణసమామ్నాయ దృష్టి దీనిలో కనిపిస్తుంది. ఈ అమరికనే ఆధారం చేసుకొని 1991లో యూనికోడ్ తొలి కూర్పు తెలుగుకు 128 స్థానాల విభాగాన్ని ఇచ్చింది. నేడు సెల్‌ఫోనులో తెలుగులో సందేశం పంపేవారందరూ ఆ పాత ఇస్కీ వరుసనే వాడుతున్నారు.

జిస్ట్‌కు పరిమితి కూడా ఆ కార్డులోనే ఉంది. కార్డు ఉన్న యంత్రంలోనే తెలుగు కనబడుతుంది. కార్డు తీసేస్తే ఫైలు పోదు, కాని తెర మీద అర్థంలేని గుర్తులే మిగులుతాయి. పొరుగు కార్యాలయానికి ఫ్లాపీ పంపాలంటే అక్కడా కార్డు ఉండాలి. అయినా ఆ ఫైలులో ఉన్నది ప్రకటిత ప్రమాణం కాబట్టి దాన్ని ఈనాడు కూడా నష్టం లేకుండా యూనికోడ్‌లోకి మార్చవచ్చు. దీని తరువాత వచ్చిన దశకు ఈ మాట వర్తించదు.

ఫాంటులోకి మారిన తెలుగు:

1990లో విండోస్ 3.0 రావడంతో తెర పూర్తిగా చుక్కల తెర అయింది. ఆకారాలను సాఫ్ట్‌వేరే గీస్తున్నప్పుడు లిపికి ప్రత్యేక కార్డు అవసరం తీరిపోయింది. ఒక ఫాంటు ఫైలు చాలు. 1990వ దశకంలో తెలుగునాట డీటీపీ కేంద్రాలు వెలసింది ఈ మార్పు పునాది మీదనే. పేజ్‌మేకర్, దానికి తోడు తెలుగు ఫాంట్లు, ఒక లేజర్ ప్రింటరు. కరపత్రాల నుంచి కవితా సంపుటాల దాకా, సిద్ధాంత గ్రంథాల నుంచి పెండ్లిపత్రికల దాకా ఈ మూడింటితోనే అచ్చయ్యాయి. హైదరాబాదుకు చెందిన అను గ్రాఫిక్స్ వారి ఫాంట్లు, పుణె మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, సీ-డాక్ వారి లీప్ ఆఫీస్, ఐఎస్ఎం వంటివి ఈ కాలపు ప్రసిద్ధ సాధనాలు.

ఈ దశలో డిస్‌ప్లే కార్డు పాత్ర మారింది. అది ఇప్పుడు లిపిని తయారుచేయదు. లిపి ఎంత స్పష్టంగా కనబడుతుందో మాత్రం నిర్ణయిస్తుంది. 1987 నాటి వీజీఏ ప్రమాణంలో తెర 640 అడ్డ చుక్కలు, 480 నిలువు చుక్కలు. ఆ తెర మీద ఏ4 పుట మొత్తాన్ని తెరిస్తే వత్తులన్నీ మచ్చలుగా కనిపిస్తాయి. ‘ప’ కింద ఉన్నది పకార వత్తో, వకార వత్తో ప్రింటు తీస్తేగాని తెలియదు. అచ్చుతప్పుల చరిత్ర రాసేవారు ఎవరైనా ఉంటే 14 అంగుళాల మానిటరుకు ఒక అధ్యాయం కేటాయించవలసిందే. 1024 అడ్డ, 768 నిలువు చుక్కలకు వెళ్లాలంటే 256 రంగులకు 7,86,432 బైట్లు కావాలి. అది 1 మెగాబైటు కార్డులో ఇముడుతుంది. అదే తెర మీద 65 వేల రంగులు కావాలంటే 15,72,864 బైట్లు. 2 మెగాబైట్లు లేనిదే కుదరదు. ట్రైడెంట్, సిరస్ లాజిక్, ఎస్3 కంపెనీల చిప్పులతో వచ్చిన కార్డులలో కొన్నింటి మీద ఖాళీ సాకెట్లు ఉండేవి. మెమరీ చిప్పులను తెచ్చి ఆ సాకెట్లలో నొక్కితే కార్డు సామర్థ్యం పెరిగేది. నవీకరణ అన్న మాటకు ఆనాటి అర్థం ఇదే: కార్డును పారేయడం కాదు, దానికి ఇంకొంత చేర్చడం.

ఆ చిప్పులకైనా, కార్డుకైనా జంటనగరాలలో వెళ్లవలసిన చోటు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అన్న పొడి అక్షరాలతోనే అందరికీ తెలిసిన ఆ సముదాయం, ఊరూరా అసెంబుల్డ్ సిస్టమ్‌లు పుట్టుకొచ్చిన కాలానికి కేంద్రం. పటాన్‌చెరు ప్రాంతంవారికి అది నగరం ఆవలి అంచు. 2003లో లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాక ఆ ప్రయాణం కొంత సులువైంది.

ఫాంటు స్వేచ్ఛను తెచ్చింది. దానితో పాటు అరాచకాన్నీ తెచ్చింది. ఆనాటి ఫాంటులో 256కు మించి స్థానాలు లేవు. వాటిలోనూ అన్నీ వాడుకోవడానికి వీలుండదు. తెలుగు రూపాలన్నీ అందులో పట్టవు కాబట్టి అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఏ ముక్కకు ఏ సంఖ్య అన్నది సంస్థ ఇష్టం. ఒక సంస్థ ఫాంటులో రాసినది మరో సంస్థ ఫాంటులో చదవడం కుదరదు. ఇస్కీ నాటి ధ్వనిసంకేతం పోయి ఆకార సంకేతం వచ్చింది. సాంకేతికంగా ఇది ముందడుగు, భాషాపరంగా వెనకడుగు. జిస్ట్ ఫైలుకు కార్డు లేకపోయినా అర్థం మిగిలి ఉంటుంది. ఫాంటు, దాని కీబోర్డు సాఫ్ట్‌వేరు, అవి నడిచే విండోస్ – ఈ మూడూ పోతే డీటీపీ ఫైలులో మిగిలేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళం మాత్రమే. సుమారు రెండు దశాబ్దాల తెలుగు ప్రచురణలో ఎక్కువ భాగం ఈ స్థితిలోనే ఉంది.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును తెచ్చింది. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు కూడా ఔత్సాహికులకు అందాయి. కాని పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు తెలియదు. అందువల్ల అచ్చు ప్రపంచం ఎక్స్‌పీని పేజ్‌మేకర్ కోసం, అను ఫాంట్ల కోసమే వాడుకొంది. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి మద్దతు నిలిపివేసిన తరువాత కూడా డీటీపీ గదులలో అది కొనసాగడానికి కారణం బద్ధకం కాదు, పాత ఫైళ్లు.

పటేల్‌గూడ పాత పెట్టెలో కొత్త కార్డు:

ఇప్పుడు ప్రస్తుతానికి వస్తే, ఇటువంటి ఊళ్లలో నేటికీ నడుస్తున్న పాత సిస్టమ్‌లను స్లాట్‌ను బట్టి గుర్తించవచ్చు. 1997 ప్రాంతంలో వచ్చిన ఏజీపీ స్లాట్ ఉన్న పెంటియం 4 యంత్రమైతే దానికి కొత్త కార్డు మార్కెట్లో లేదు. సెకండ్ హ్యాండ్ కార్డే దిక్కు. 2004 నుంచి బోర్డులలో కనబడిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటే ఆశ ఉంది. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ బోర్డులు (2007), హెచ్61 బోర్డులు (2011) అసెంబుల్డ్ సిస్టమ్‌లలో విరివిగా వాడినవి. వాటిలో తెర పని వేరే కార్డు లేకుండానే జరిగిపోతుంది, దానికోసం ర్యామ్‌లో కొంత భాగాన్ని తీసుకొంటుంది. పక్కనున్న పొడవైన స్లాట్ మాత్రం ఏళ్ల తరబడి ఖాళీగా, దుమ్ముపట్టి ఉంటుంది.

ఆ స్లాట్‌లో కార్డు గుచ్చే ముందు మెకానిక్ చూసేది ఎస్ఎంపీఎస్. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ తనంతట తాను కార్డుకు 75 వాట్లు మాత్రమే ఇవ్వగలదు. అంతకు మించితే ఎస్ఎంపీఎస్ నుంచి వేరే తీగ రావాలి. చౌక క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్ఎంపీఎస్‌లో ఆ తీగ ఉండదు, దాని మీద రాసిన వాట్లను నమ్మడానికీ లేదు. అందుకే పాత పెట్టెలకు జీటీ 710, జీటీ 1030 వంటి తక్కువ కరెంటు తీసుకొనే కార్డులను సూచిస్తారు. జీటీ 1030 వాడేది 30 వాట్లే. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్ల హద్దులో ఉండటం వల్ల పాత యంత్రాలవారికి ప్రియమైంది. కొత్త కార్డులన్నీ పాత బోర్డుకు మంచివన్న భ్రమ కూడా తగదు. 2022 నాటి ఆర్ఎక్స్ 6400 నాలుగు దారులతోనే సమాచారం పంపుతుంది. కొత్త బోర్డులో ఆ నాలుగు దారులలో సెకనుకు సుమారు 8 గిగాబైట్లు సాగితే, హెచ్61 వంటి బోర్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండో తరం వేగంలో 2 గిగాబైట్లకు మించవు. వెడల్పైన రోడ్డు కోసం తయారైన లారీ సందులో ఇరుక్కున్నట్లే.

కార్డు అంచున ఉండే బంగారుపూత పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చడం, ఉబ్బిన కెపాసిటర్లను మార్చడం, ఎండిన థర్మల్ పేస్ట్ తీసి కొత్తది పూయడం – పారిశ్రామికవాడ ధూళిలో నడిచే యంత్రాలకు ఇవి మామూలు చికిత్సలు. కార్డు పోయిందని తెచ్చిన చాలా సందర్భాలలో ఈ రబ్బరే పని చక్కబెడుతుంది. సెకండ్ హ్యాండ్ కార్డు విషయంలో మరో చరిత్ర ఉంది. 2020, 2021 సంవత్సరాలలో క్రిప్టో నాణేల వేట కార్డుల ధరలను విపరీతంగా పెంచింది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం ఆ పద్ధతిని విడిచిపెట్టాక, రాత్రింబవళ్లు నడిచి అలసిన కార్డులు ప్రపంచమంతటా పాత వస్తువుల మార్కెట్లకు వచ్చాయి. కొనేవారికి ఆ కార్డు గత చరిత్ర తెలిసే అవకాశం తక్కువ.

డీటీపీ యజమానికి అసలు గండం వీటిలో ఏదీ కాదు. జీటీఎక్స్ 10 శ్రేణి నుంచి ఎన్విడియా కార్డులకు విండోస్ ఎక్స్‌పీ డ్రైవర్లు లేవు. జీటీ 1030 గుచ్చిన రోజున ఎక్స్‌పీ తెర 640, 480 చుక్కల కనీస స్థాయికి పడిపోతుంది. అప్పుడు మెకానిక్ సహజంగానే విండోస్ 10 వేద్దామంటాడు. హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేస్తాడు. డి డ్రైవులో ఫైళ్లు మిగిలినా, సి డ్రైవులోని పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్, వాటి ఫాంట్లు పోతాయి. డాంగిల్, సీడీ ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తుండదు. పదిహేనేళ్లుగా కూర్చిన పుస్తకాలు ఆ గదిలోనే, అదే డిస్కులో, చదవడానికి వీలులేకుండా పడి ఉంటాయి. ఒక చిన్న కార్డు కొత్తగా చేరడం వల్ల పాత తెలుగు మాయమయ్యే తీరు ఇది. జిస్ట్ కాలంలో కార్డు తీస్తే తెలుగు పోయేది. ఇప్పుడు కార్డు పెడితే పోతున్నది.

మరోవైపు కార్డు లేకపోతే కొత్త తెలుగు నెమ్మదిస్తుంది. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ వ్యవస్థ అక్షరాలను గీసే పనిలో గ్రాఫిక్స్ చిప్ సహాయం తీసుకొంటుంది. నేటి బ్రౌజర్లు కూడా పుటను కూర్చడంలో ఆ చిప్ మీదనే ఆధారపడతాయి. 2011 నవంబరులో మొదలైన మీ సేవ నుంచి యూనికోడ్ వార్తాపత్రికల దాకా, తెర మీది తెలుగంతా ఈ దారినే వస్తున్నది. ముప్ఫై ఏళ్లు తిరిగి అక్షరం మళ్లీ కార్డు గుమ్మం తొక్కింది. ఈసారి వ్యాకరణం సాఫ్ట్‌వేరుది, చిత్రణ కార్డుది.

ఈ స్థితిలో వివేకమైన పద్ధతి రెండు డిస్కుల పద్ధతి. పాత డిస్కును, పాత కార్డును కదపకుండా ఉంచి, కొత్త కార్డుతో పాటు వేరే డిస్కు వేసి దాని మీద కొత్త విండోస్ ఎక్కించాలి. పాత ఫైలు అవసరమైన రోజున పాత డిస్కుతో యంత్రం తెరవాలి. 2 మెగాబైట్లతో నడిచిన పేజ్‌మేకర్‌కు బోర్డులోని తెర సామర్థ్యమే ఎక్కువ. ఈ చిన్న ఏర్పాటు ఖర్చు కొత్త సిస్టమ్ ధరలో స్వల్ప భాగం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు కూడా మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగించడంతో, పాత పెట్టెలు మూకుమ్మడిగా చెత్తలోకి వెళ్లే సమయం వచ్చింది. ఈ-వ్యర్థాల నియమాలు 2012 మే 1 నుంచి అమలులో ఉన్నాయి, 2016లో మారాయి, ఉత్పత్తిదారుల బాధ్యతను మరింత పెంచిన 2022 నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఆ నియమాలు సీసాన్ని, రాగిని, ప్లాస్టిక్‌ను లెక్కిస్తాయి. డిస్కులోని పాఠాన్ని లెక్కించే నియమం ఎక్కడా లేదు.

కంది దాకా:

పటేల్‌గూడ ఉన్న జిల్లాలోనే గ్రాఫిక్స్ కార్డుకు మరో రూపం కనిపిస్తుంది. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై తరువాత కందిలోని సొంత ప్రాంగణానికి మారిన హైదరాబాదు ఐఐటీలో, 2020లో ఎన్విడియా కృత్రిమ మేధ సాంకేతిక కేంద్రాన్ని ప్రకటించారు. బొమ్మలు గీయడానికి పుట్టిన చిప్‌తో ఇతర లెక్కలు చేయించవచ్చని 2006లో ఎన్విడియా ప్రకటించిన కుడా చూపింది. 2012లో అలెక్స్‌నెట్ రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద శిక్షణ పొంది ఆ దారిని స్థిరపరచింది. ఆ రెండూ ఆటలు ఆడేవారు కొనే మామూలు కార్డులే. నేడు యంత్రానువాదం, మాట నుంచి రాత, అక్షర గుర్తింపు ఇవన్నీ ఈ కార్డుల సముదాయాల మీదనే శిక్షణ పొందుతున్నాయి.

ఆ శిక్షణకు కావలసింది తెలుగు పాఠం, అదీ యూనికోడ్‌లో. తెలుగులో అటువంటి పాఠం కొరతగా ఉన్నదన్న మాట తరచుగా వినిపిస్తుంది. కొరత రాతలో లేదు, సంకేతంలో ఉంది. డీటీపీ గదులలోని డిస్కుల్లో నవలలు, స్థలపురాణాలు, సంఘాల సంచికలు, స్థానిక పత్రికలు, కర్మాగార కార్మిక సంఘాల కరపత్రాలు ఆకార సంకేతంలో నిద్రపోతున్నాయి. అచ్చయిన పుటను మళ్లీ స్కాన్ చేసి అక్షరాలను గుర్తించడం ఒక మార్గం. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, కృష్ణ 2001లో ప్రకటించిన తెలుగు అక్షర గుర్తింపు వ్యవస్థ ఈ మార్గంలో తొలి మెట్లలో ఒకటి. 2018లో వచ్చిన టెసరాక్ట్ నాలుగో కూర్పు నాడీజాల పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అయినా ఫైలు చేతిలో ఉండగా దాన్ని కాగితం మీదికి దించి, ఫోటో తీసి, మళ్లీ చదివించడం చుట్టుదారి.

నేరుదారి మార్పిడి. అను వంటి ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలున్నాయి. వాటి ఇబ్బంది సంఖ్యకు సంఖ్య మార్చడంలో లేదు, క్రమంలో ఉంది. ఆకార ఫాంటులో కన్ను చూసే వరుస ఉంటుంది: ‘క్తి’ అన్నది ‘కి’ తరువాత తకార వత్తుగా నమోదవుతుంది. యూనికోడ్‌లో నోరు పలికే వరుస ఉండాలి: కకారం, పొల్లు, తకారం, చివర గుడి. మార్పిడి సాధనం ప్రతి అక్షరాన్నీ విప్పి, వత్తును గుణింతం ముందుకు జరిపి, మళ్లీ కట్టాలి. రెండు వత్తులున్న చోట, పుట చివర విరిగిన పదంలో, కంపోజిటరు అందం కోసం వత్తును చేత్తో జరిపిన చోట అది తడబడుతుంది. అక్కడ తెలుగు తెలిసిన మనిషి కూర్చొని సరిచూడాలి. సరిచూడటానికి మూలం కళ్ల ముందు ఉండాలి. అంటే ఆ పాత ఎక్స్‌పీ, ఆ పాత పేజ్‌మేకర్, ఆ పాత తెర ఇంకొంత కాలం వెలుగుతూ ఉండాలి.